వేళ్ల సందు

సెలూన్‌కి మనిషి వెళ్లేది సగం జుట్టు కోసం, సగం కబుర్ల కోసం. ఇది ఎవరూ ఒప్పుకోరు గానీ అందరికీ తెలుసు. ఆ వీధి చివరి సెలూన్‌లో మాత్రం కబుర్లు దొరకవు. అక్కడి మాస్టర్‌కి పుట్టుచెవుడు. వినికిడి లేదు కాబట్టి మాటా రాలేదు. వీధి వీధంతా ఆయన్ని సైలెంట్ మాస్టర్ అంటుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అనే సామెత ఆ గుమ్మం బయటే ఆగిపోయింది. ఇంట్లో సతాయింపు పడలేనివాళ్లు, పొద్దస్తమానం ఆఫీసులో అవునండీ అనీ అనీ నోరు పడిపోయినవాళ్లు వెతుక్కుంటూ వచ్చి ఆయన కుర్చీలో కూలబడి కళ్లు మూసుకునేవాళ్లు. కొందరు మరీ తెలివైనవాళ్లు, ఎవరికీ చెప్పుకోలేనివన్నీ ఆయన ముందు వెళ్లగక్కేవాళ్లు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా, ఎవడికి తెలుస్తుందిలే అని వాళ్ల ధీమా. ఆయన అద్దంలో వాళ్ల పెదవులు చూసి సగానికి సగం పట్టేస్తాడని ఒక్కడూ అనుకోలేదు. పట్టినవన్నీ సాయంత్రం కూతురికి చేతులతో చెప్పేవాడు. ఇద్దరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవాళ్లు.

ఆ చేతుల భాష వాళ్లింట్లో పుట్టింది. బడిలో నేర్చింది కాదు, ఏ పుస్తకంలోనూ దొరకదు. పెళ్లైన కొత్తలో మాస్టరూ ఆయన భార్యా అవసరం కొద్దీ అల్లుకున్నారు, కూతురు పుట్టాక ముగ్గురూ కలిసి పెంచారు. బుగ్గ మీద చూపుడువేలు గుచ్చితే కూతురి పేరు, ఆమెకి అక్కడ సొట్ట ఉంది కాబట్టి. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పని. అరచేత్తో గాలిని నెమ్మదిగా కిందికి నొక్కితే 'పోనీలే'. ఆ చివరిది తల్లి కనిపెట్టింది, ఎక్కువగా వాడిందీ ఆవిడే. ఆవిడ పోయాక ఆ భాష తెలిసినవాళ్లు లోకం మొత్తానికి ఇద్దరే మిగిలారు. ఒకరు చేతులు ఎత్తితే రెండోవాళ్లు చూడాలి. చూడకపోతే మాట లేదు. ఈ కథలో తండ్రి అన్నాడన్న మాటలన్నీ చేతులతో అన్నవే, ఆయనతో కూతురు అన్నవీ అంతే.

కూతురు పని చేసేది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో. పొద్దున్నించీ వేడినీళ్లు, సబ్బు, మరకలు తీసే ఘాటు మందు. చేతి తొడుగులు ఇచ్చారు గానీ అవి రబ్బరువి, లోపల చెమట పట్టి ఇంకా దురద. పోయిన ఏడాది ఆమె వేళ్ల కణుపులన్నీ పగిలి నెత్తురు కారింది. వేళ్లు మడవలేక మాటలు సగంలో తెగిపోయేవి. తండ్రి ఒకసారి ఆ చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూసి, "నీ గొంతు పాడైపోతోంది" అన్నాడు.

చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే పని మానాలి. అందుకని ఫోన్‌లో చూపించుకుంది. కిటికీ దగ్గర పగటి వెలుతురులో చేతులు ముందూ వెనకా ఫొటోలు తీసి పంపమన్నారు. పంపింది. డాక్టర్ చూసి, ఏం పని చేస్తారమ్మా అని అడిగి, పూతమందు రాసి, రబ్బరు తొడుగు లోపల నూలు తొడుగు వేసుకోమన్నాడు. నెల తిరిగేసరికి చేతులు నున్నబడ్డాయి. మందు రాసుకుని తెల్ల నూలు తొడుగులతో ఇంట్లో కబుర్లు చెబుతుంటే తండ్రి పకపకా నవ్వేవాడు. "నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నావు, ఒక్క ముక్క అర్థం కావడం లేదు."

ఇది ఎందుకు చెప్పడమంటే, ఫోన్‌లో కనబడే డాక్టర్ మీద ఆ ఇంటికి నమ్మకం అలా కుదిరింది. కుదరదా మరి? ఫొటో పంపితే చేతులు తిరిగొచ్చాయి.

ఆ తర్వాత కొన్నాళ్లకే మాస్టర్ కత్తి స్కూలు బస్సు డ్రైవరు చెవిని కొరికింది. పెద్ద గాయం కాదు, చీమ కుట్టినంత. డ్రైవరు మంచివాడు, దూది పెట్టుకుని పర్లేదు పర్లేదు అని చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. కానీ ఇన్నేళ్లలో ఆ కత్తి ఒక్క చెవి జోలికీ పోలేదు. మాస్టర్ తప్పంతా అద్దం మీదికి నెట్టి, ఆ పూటంతా దాన్ని తుడుస్తూనే ఉన్నాడు. తళతళలాడుతున్న అద్దాన్ని మళ్లీ మళ్లీ తుడుస్తున్న మనిషిని చూసి కూతురికి అనుమానం అద్దం మీంచి ఆయన కంటి మీదికి మళ్లింది.

రెండు వీధుల అవతల, మందుల షాపు పైన, ఒక కంటి కేంద్రం ఉంటే అక్కడికి తీసుకెళ్లింది. అక్కడ డాక్టర్ ఉండరు. గడ్డం ఆనించే ఒక మెషినూ, గోడకి ఒక టీవీ, నీలం కోటు వేసుకున్న ఒక అమ్మాయీ ఉంటారు. అమ్మాయి కంటి లోపలి ఫొటోలు తీసి పంపిస్తుంది, ఎక్కడో పెద్ద ఊళ్లో కూర్చున్న డాక్టరమ్మ టీవీలోకి వచ్చి మాట్లాడుతుంది. మర్యాదస్తురాలు. తొందరగా మాట్లాడుతుంది గానీ విసుక్కోదు.

"కుడి కంట్లో వెనక పొర మీద, సరిగ్గా మధ్యలో, వయసు మచ్చలున్నాయమ్మా," అంది డాక్టరమ్మ. "ఎడమ కన్ను బాగుంది. ఇప్పటికి బిళ్లలు చాలు. కానీ కొందరికి ఈ మచ్చల కింద ఉన్నట్టుండి నీరు ఊరుతుంది. అప్పుడు తిన్నటి గీతలు వంకరగా కనిపిస్తాయి. వెంటనే వస్తే కంట్లోకి ఇంజెక్షన్లిచ్చి చూపు నిలబెట్టొచ్చు. ఆలస్యమైతే లోపల మచ్చ కట్టేస్తుంది. ఇంక చేయడానికేం ఉండదు."

అది కనిపెట్టడానికి ఒక గళ్ల కాగితం ఇచ్చారు. చదరంగం బల్లలా గీతలు, మధ్యలో నల్ల చుక్క. వారానికోసారి ఒక కన్ను మూసి రెండో కంటితో చుక్కని చూడాలి, గీతలు తిన్నగా ఉన్నాయో వంకరగా ఉన్నాయో చెప్పాలి. నెలకోసారి అదే పని ఫోన్‌లో డాక్టరమ్మ ముందు చేసి చూపించాలి.

"మీరు పక్కనే ఉండి అడగండి," అని మరీ మరీ చెప్పింది డాక్టరమ్మ. "పెద్దవాళ్లు మనం అడక్కపోతే అన్నీ బాగున్నాయనేస్తారు."

అడగడానికేం, అడుగుతానంది కూతురు.

సెలూన్‌కి సోమవారం సెలవు. ఆ రోజు ఆమెకి లాండ్రీలో సాయంత్రం డ్యూటీ. అద్దం పక్కన గోడకి గళ్ల కాగితం అంటించి, తండ్రిని ఆయన కుర్చీలోనే కూర్చోబెట్టేది. ఆయనకి భలే సరదాగా ఉండేది. బతుకంతా కుర్చీ వెనకాల నిలబడ్డవాడు, కూర్చుంటే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. మొదట కుడి కన్ను మూసుకునేవాడు, అది ఇట్టే అయిపోయేది. తర్వాత ఎడమ అరచెయ్యి ఎడమ కంటి మీద పెట్టుకునేవాడు. పొడుగాటి వేళ్లు, కత్తెర పట్టీ పట్టీ కొసలు వంగిన వేళ్లు. ఆమె కాగితం పక్కన నిలబడి రెండు చేతులూ నిటారుగా పెట్టి "తిన్నగా?" అనేది, చేతుల్ని పాకించి "వంకరగా?" అనేది. ఆయన ఆమెని చూసి, కాగితాన్ని చూసి, ఖాళీగా ఉన్న చేతిని గాలిలో నిటారుగా దించేవాడు. తిన్నగా.

ఫోన్ రోజున ఇంకా హడావుడి. పౌడరు డబ్బాకి ఫోన్ ఆనించి పెట్టేది. డాక్టరమ్మ చూడబోయేది కంటిని, ఈయన మాత్రం పొద్దున్నే లేచి మీసం కత్తిరించుకునేవాడు.

"అడగండమ్మా."

అడిగేది.

"తిన్నగానే ఉన్నాయట మేడమ్."

"వెరీ గుడ్. మీ నాన్నగారు బుద్ధిమంతులు."

ఆమె అది తండ్రికి చెప్పేటప్పుడు కాస్త కలిపి, "క్లాసులో నువ్వే ఫస్టట" అనేది. ఆయన మీసం దువ్వేవాడు.

అలా ఆరు నెలలు. డ్రైవరు చెవి తర్వాత ఇంకెవరికీ తగల్లేదు, ఎందుకంటే మాస్టర్ కత్తి పని తగ్గించి మెషిన్‌తోనే కానిచ్చేస్తున్నాడు. అద్దంలో పెదవులు చదవడం కూడా తగ్గింది. ఈమధ్య అందరూ నోరు నొక్కేసి మాట్లాడుతున్నారని ఆయన ఫిర్యాదు. మనుషులు మారారులే అనుకుంది కూతురు. మారారేమో కూడా. ఎవరు చూడొచ్చారు?

ఆరు నెలల తర్వాత మళ్లీ ఫొటోలు తీయాలని కేంద్రానికి రమ్మన్నారు. నీలం కోటు అమ్మాయి ముందు చూపు పరీక్ష పెట్టింది. నల్ల ప్లాస్టిక్ గరిటె లాంటిది ఇచ్చి ఎడమ కంటికి అడ్డం పెట్టుకోమంది. ఎదురుగా పలక మీద ఇంగ్లిష్ E అక్షరం లాంటి మూడు కాళ్ల గుర్తులు, ఒకటి కుడికి, ఒకటి కిందికి, ఒకటి పైకి తిరిగి ఉన్నాయి.

"కాళ్లు ఎటున్నాయో అడగండక్కా."

కూతురు పలక పక్కన నిలబడి అడిగింది. తండ్రి కదల్లేదు. చూస్తున్నాడనుకుంది. మళ్లీ అడిగింది. ఆయన ఫొటోకి కూర్చున్నవాడిలా బిగదీసుకుని కూర్చున్నాడు.

"అడిగారా అక్కా?"

"అడుగుతూనే ఉన్నానమ్మా!"

అప్పుడు తండ్రి ఏం చేశాడంటే, ఆ నల్ల గరిటె అంచుని బొటనవేలితో కొంచెం పక్కకి జరిపాడు. ఆ సందులోంచి ఎడమ కన్ను బయటికొచ్చింది. ఆ కన్ను కూతురి చేతుల్ని చూసింది, ప్రశ్న అర్థం చేసుకుంది, పలకని చూసింది. ఆయన చెయ్యి కుడికీ కిందికీ పైకీ తిప్పి చకచకా జవాబు చెప్పేశాడు. అన్నీ సరైనవే. చెప్పి, గరిటెని బుద్ధిగా మళ్లీ అడ్డం పెట్టుకున్నాడు. దొంగతనం కాదది. తలుపు తీసి, వచ్చినవాళ్లతో మాట్లాడి, మళ్లీ తలుపు వేసుకున్నంత సహజంగా చేశాడు.

"తొండి! తొండి చేస్తున్నాడు పెద్దాయన," అని నవ్వింది నీలం కోటు అమ్మాయి.

కూతురు నవ్వలేదు. సోమవారాలన్నీ వరసగా కళ్ల ముందుకొచ్చాయి. ఎడమ చెయ్యి, పొడుగాటి వేళ్లు, ఆ వేళ్ల మధ్య సందు, ఆ సందులో మెరిసే కన్ను. ఆమె దాన్ని చూసింది. ప్రతి వారమూ చూసింది. నాన్న నన్ను చూస్తున్నాడు అనుకుంది. చూడకపోతే ఎలా? ఆమె అడుగుతోంది కదా, అడిగింది వినాలి కదా. ఆయన వినేది కంటితోనే. వినగలిగిన కన్నూ మూసుకోమన్న కన్నూ ఒకటే. అందుకని ఆ కన్నే తెరిచి విన్నాడు, విన్న కంటితోనే జవాబు చెప్పాడు. ఆరు నెలలుగా కుడి కంటిని ఎవరూ ఏమీ అడగనే లేదు.

టీవీలోకి డాక్టరమ్మ వచ్చింది. ఫొటోలు చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది కొత్తది కాదమ్మా. నాలుగైదు నెలల కిందటే మొదలై ఉంటుంది. మధ్యలో మచ్చ కట్టేసింది. పక్కన గోడలూ మనుషులూ కొంచెం తెలుస్తారు గానీ, ఎదురుగా ఉన్నది ఆ కంటికి కనబడదు."

"ఇంజెక్షన్ ఇప్పుడు వేస్తే మేడమ్?"

"ఇప్పుడు వేసినా లాభం లేదు. ప్రతి నెలా తిన్నగా ఉన్నాయనే చెప్పారు కదమ్మా?"

కూతురు చెప్పింది. గరిటె, వేళ్లు, సందు, అన్నీ. చెబుతుంటే ఆమెకే అది పిచ్చి కథలా వినబడింది. డాక్టరమ్మ వెనక బల్ల మీద ఒక కాగితం ఫ్యాను గాలికి లేస్తోంది, పడుతోంది.

"నేను ఆయన చెయ్యి చూశానమ్మా," అంది చివరికి. "కంటి మీద చెయ్యి ఉంది కదా, అది చాలనుకున్నాను."

ఎవరినైనా తిట్టుకుంటే కాస్త ఊరటగా ఉండేది. తిట్టాలంటే మనిషి దొరకాలి. డాక్టరమ్మ అడగమంది, మంచి మాటే. కూతురు అడిగింది, ఒక్క వారమూ మానలేదు. తండ్రి చూసిందే చెప్పాడు, అబద్ధం ఆడలేదు. అందరూ ఎవరి పని వాళ్లు చక్కగా చేశారు, కన్ను పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు, ఇక్కడ పట్టుకోవడానికి ఆకులైనా లేవు.

"ఇంకో మాటమ్మా," అంది డాక్టరమ్మ. "ఎడమ కంట్లో కూడా మచ్చలు మొదలయ్యాయి. కుడి కన్ను అప్పుడెలా ఉందో ఇది ఇప్పుడలా ఉంది. భయపడకండి. వారం వారం చూసుకుంటూ ఉండాలి."

భయపడకండి అన్నాక భయపడనివాడు ఎక్కడైనా ఉంటే చూపించాలి.

"అది కూడా పోతే," అంది కూతురు, "ఆయనతో నేనెలా మాట్లాడాలి మేడమ్?"

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నేను కంటి డాక్టర్నమ్మా," అంది మెల్లిగా. బయట ఇంకొకరు వరసలో కూర్చుని ఉన్నారు.

ఫొటోల కోసం కంటిపాప పెద్దదయ్యే చుక్కల మందు వేయడం వల్ల తండ్రికి దగ్గరివన్నీ అలికేసినట్టున్నాయి. నల్ల అద్దాలు పెట్టుకుని, కూతురి మోచెయ్యి పట్టుకుని వీధిలో నడిచాడు. దారిలో రెండు మూడుసార్లు ఆగి, "ఏమంది?" అని అడిగాడు. ఆమె జవాబు చెప్పినా ఆయనకి కనబడదు. కనబడనందుకు ఆమె ఆ కాసేపూ సంతోషించింది. అలా సంతోషించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

పొద్దు వాలేసరికి చూపు తేటపడింది. సెలూన్ మెట్ల మీద కూర్చుని ఆమె అన్నీ చెప్పింది. ఆయన శ్రద్ధగా చూశాడు. తల కొంచెం కుడికి తిప్పి, ఎడమ కన్ను ముందుకి పెట్టి చూశాడు. అలా చూడడం ఎప్పుడు మొదలైందో ఆమె గమనించనే లేదు.

"నువ్వు అడుగుతుంటే చూడకుండా ఎలా ఉంటాను?" అన్నాడు. "చూడకపోతే నీకు కోపం కదా. చిన్నప్పుడు నేను తల తిప్పుకుంటే ఎంత ఏడ్చేదానివి."

"వేళ్లు మూస్తే ఏం కనిపించేది నాన్నా?"

"మసక. చెయ్యి అడ్డం ఉంది కదా, మసకే ఉంటుందనుకున్నా."

"చెయ్యి రెండో కంటి మీద కదా నాన్నా ఉంది."

ఆయన ఆలోచించాడు. ఆలోచించి, తొడ మీద చరుచుకున్నాడు. కుర్చీ పిడి ఊడితే ఎలా బిగించాలో తట్టినప్పుడు ఇలాగే చరుచుకునేవాడు. ముఖం వెలిగిపోయింది.

"దీనికింత ఎందుకు? ముందు నువ్వు అడిగేయ్. తర్వాత నేను మూసుకుంటా."

కూతురు ఆయన చేతుల వైపు అలాగే చూస్తూ ఉండిపోయింది. అంతే. ముందు అడిగి, తర్వాత మూయించడం. పెద్ద ఊళ్లో అంత చదివిన ఆవిడకి తట్టలేదు, పుట్టినప్పటినుంచీ ఈ చేతుల్లోనే పెరిగిన తనకి తట్టలేదు. తట్టి ఉంటే గీతలు మొదట వంగిన సోమవారమే తెలిసిపోయేది.

"ఇంక అవసరం లేదు నాన్నా. ఆ కన్ను రాదంది. మచ్చ కట్టేసిందంది."

"నేను తొండి చేశాను కాబట్టి అలా అంది," అన్నాడు ఆయన. "ఈసారి సరిగ్గా చేస్తా, చూడు." అరచేత్తో గాలిని నెమ్మదిగా కిందికి నొక్కాడు. పోనీలే.

ఆమె ఇంకోసారి చెప్పింది. రాదు, పోయింది, అయిపోయింది అని మూడు రకాలుగా చెప్పింది. ఆ మాటలకి వాళ్ల భాషలో ఉన్న సైగలు తల్లి పోయినప్పుడు వాడినవే. ఆయన మధ్యలోనే లేచి లోపలికి వెళ్లి లైటు వేశాడు.

సోమవారం వచ్చింది. ఆమె వద్దంటే ఆయన వినలేదు. మీసం కత్తిరించుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ కంటి పరీక్ష ముందు అయింది. గీతలు తిన్నగానే ఉన్నాయి. ఆ కంటికి ప్రశ్న కనబడింది, జవాబూ దొరికింది. ఆమె కాస్త ఊపిరి పీల్చుకుంది.

తర్వాత రెండోది. ఆయన చెయ్యి మోకాలి మీదే ఉంచి, ఆమె అడగడం కోసం చూశాడు. ఆమె అడిగింది. "గీతలు ఎలా ఉన్నాయి? తిన్నగానా, వంకరగానా? వేళ్లు కలిపి గట్టిగా పెట్టుకో. నేను భుజం తట్టేదాకా తీయొద్దు."

ఆయన తలూపి ఎడమ కన్ను మూసుకున్నాడు. అరచెయ్యి గట్టిగా అదిమి, వేలికి వేలు ఆనించి పెట్టుకున్నాడు. కుడి కన్ను గోడ వైపు విప్పారి ఉంది. చూసేవాళ్లకి దానికేం లోపం కనబడదు. నల్లగా, తడిగా, శుభ్రంగా ఉంది. ఆయన మెడ కొంచెం చాచి వెతికాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఖాళీగా ఉన్న చెయ్యి మెల్లిగా పైకి లేచింది.

"కాగితం అంటించావా?"

కాగితం ఆయన ముక్కుకి ఎదురుగా, మూరెడు దూరంలో ఉంది. కూతురు చేతులెత్తింది. అంటించాను నాన్నా, అదిగో, అక్కడే ఉంది అంటూ వేళ్లు ఆడాయి. పూతమందు రాసి, నూలు తొడుగులు వేసి బాగు చేసుకున్న చేతులవి. ఒక్క పగులు లేదు. ఒక్క మాట తప్పు పోలేదు.

ఆయన జవాబు కోసం కూర్చున్నాడు. కాసేపాగి మళ్లీ అడిగాడు. "అంటించావా?"

వెళ్లి భుజం తట్టాలి. తడితే ఆయన కన్ను తెరుస్తాడు, కాగితం ఇంతసేపూ ఎదురుగానే ఉందని చూస్తాడు. అందుకే ఆమె అడుగు పడడం లేదు. చేతులు అలాగే గాలిలో ఉన్నాయి. తండ్రి చెప్పిన మాట తప్పలేదు, వేళ్ల మధ్య ఈసారి సందు లేదు.